లైటు ఆర్పకుండా చదివినవి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ మధ్య చదివిన హారర్, థ్రిల్లర్, సైన్స్ ఫిక్షన్ నవలల గురించి కిందటి సంచికలో రెండు పేజీలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఎప్పుడూ రాలేదు. ఒప్పుకున్నవాళ్లు ఉన్నారు, గట్టిగా దెబ్బలాడినవాళ్లూ ఉన్నారు. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. నేను ముప్పయి ఒక్క ఏళ్లు శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. నరసరావుపేటలో ఉంటాను. ఇంగ్లిష్ నవలలు యాభై దాటాక మొదలుపెట్టాను, పక్కన డిక్షనరీ పెట్టుకుని. ఇప్పటికీ అలాగే చదువుతాను. పుస్తకాలు బెంగుళూరు నుంచి మా మేనకోడలు పంపుతుంది. ముగింపులు మాత్రం బయటపెట్టను.

*

ప్రశ్న: మేడం గారూ, 'ది సైలెంట్ పేషెంట్' ముగింపు మీకు నచ్చలేదని రాశారు. నేను రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లారేసరికి పూర్తిచేశాను. చివర్లో ఒళ్లు జలదరించింది. అంత టెన్షన్ పెట్టగలిగిన పుస్తకాన్ని తక్కువ చేయడం న్యాయమేనా?
– బ్యాంకు ఉద్యోగిని, తణుకు

జవాబు: మీరు రాత్రంతా మేలుకున్నారంటే ఆ పుస్తకం తన పని తాను చేసినట్టే. ఆ సంగతి నేను కాదనను. అలెక్స్ మైఖేలిడీస్ 2019లో తెచ్చిన ఈ నవలలో నాకు నచ్చింది దాని మొదలు. ఒక చిత్రకారిణి భర్తను అయిదుసార్లు కాల్చింది. ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె చేత మాట్లాడించాలని ఒక మానసిక వైద్యుడు పట్టుబట్టాడు. ఆమె ఆఖరిగా వేసుకున్న బొమ్మకు పాత గ్రీకు నాటకంలోని అల్సెస్టిస్ పేరు పెట్టింది. అల్సెస్టిస్ భర్త కోసం చచ్చిపోయి, తిరిగి బతికివచ్చి, నాటకం ముగిసేదాకా పెదవి విప్పని మనిషి. ఈ పోలిక దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

నా పేచీ ఆ తర్వాత. ముగింపు తెలిశాక నేను ఏ థ్రిల్లర్‌నయినా మొదటి నుంచి ఇంకోసారి చదువుతాను. అప్పుడు మొదటి పేజీల్లో ఇంకో అర్థం కనిపించాలి. ఇందులో నాకు కనిపించింది రచయిత పడ్డ జాగ్రత్త ఒక్కటే. ఏ వాక్యం ఎందుకు అలా రాశాడో తెలిసిపోయింది, ఆ మనుషుల గురించి మాత్రం కొత్తగా ఏమీ తెలియలేదు.

జపాన్ రచయిత కేయిగో హిగాషినో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' దొరికితే చదవండి. అక్కడ 2005లో వచ్చింది, ఇంగ్లిష్‌లోకి 2011లో. హంతకురాలు ఎవరో మొదటి పేజీల్లోనే మన కళ్లముందే తేలిపోతుంది. భోజనం డబ్బాలు అమ్మే కొట్లో పనిచేసే ఆడమనిషి, వేధించడానికి వచ్చిన మాజీ మొగుడిని చంపేస్తుంది. పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారు దాన్ని కప్పిపుచ్చడానికి పూనుకుంటాడు. అంతా తెలిసే చదువుతాం, అయినా చివరికి వచ్చేసరికి నా చేతులు వణికాయి. మళ్లీ మొదలుపెడితే ఆ మాస్టారు పొద్దున్నే నడిచివెళ్లే దారిలోనే సగం కథ ఉంది. మొదటిసారి నేను దాని మీదుగా వెళ్లిపోయాను.

మా లైబ్రరీలో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు బాగా తిరిగేవి. ఎవరో ఒకాయన పుస్తకం తిరిగి ఇచ్చేముందు మొదటి పేజీ మీద పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసేవాడు. నేను రబ్బరుతో చెరిపేదాన్ని. కొన్ని చెరపకముందే వెళ్లిపోయేవి. పేరు చూసి కూడా పూర్తిగా చదివి తెచ్చినవాళ్లు కొందరుండేవారు. వాళ్లు ఏ పుస్తకాలను అలా చదివారో నాకు ఇప్పటికీ గుర్తే. అవే మంచి పుస్తకాలు.

*

ప్రశ్న: 'ది త్రీ బాడీ ప్రాబ్లమ్' అందరూ గొప్పది అంటుంటే కొన్నాను. అరవై పేజీలు చదివి ఆపేశాను. గ్రహాంతరవాసులు వస్తారనుకుంటే చైనా రాజకీయాలు వచ్చాయి. ముందుకు వెళ్లమంటారా?
– డిగ్రీ విద్యార్థి, జడ్చర్ల

జవాబు: వెళ్లు నాయనా. అయితే ఆ అరవై పేజీలను దాటేయకు. ఆ పుస్తకానికి అవే పునాది.

ఒక సంగతి చెప్తాను. లియు సిషిన్ ఈ నవలను 2006లో ఒక సైన్స్ ఫిక్షన్ పత్రికలో సీరియల్‌గా రాశాడు. మన వారపత్రికల్లో వచ్చినట్టే. 2008లో చైనాలో పుస్తకంగా వచ్చినప్పుడు సాంస్కృతిక విప్లవం (మావో హయాంలో చదువుకున్నవాళ్ల మీద దాడులు జరిగిన కాలం) నాటి అధ్యాయాలు నడిమధ్యలోకి జరిగాయి. 2014లో ఇంగ్లిష్‌లోకి తెచ్చిన కెన్ లియు వాటిని మళ్లీ మొదటికి తెచ్చాడు. ఆ తర్వాతి ఏడాది దానికి సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది. నువ్వు చదివింది ఆ వరుసే, నా లెక్కన అదే సరైన వరుస.

1967. భౌతికశాస్త్రం చెప్పే ప్రొఫెసర్‌ను వేదిక ఎక్కించి, స్కూలు వయసు ఆడపిల్లలే కొట్టి చంపుతారు. ఆయన కూతురు కింద నిలబడి చూస్తుంది. ఆ అమ్మాయే తర్వాత ఒక రోజు అంతరిక్షంలోకి ఒక కబురు పంపే బటన్ ముందు కూర్చుంటుంది. ఆ బటన్ నొక్కాలా వద్దా అన్న ప్రశ్నకు ఆమె ఇచ్చే జవాబు, ఆ వేదిక దగ్గర నిలబడిన రోజునే మొదలైంది. ఆ దృశ్యం లేకపోతే ఇది మామూలు గ్రహాంతరవాసుల కథ అయ్యేది.

పేరులో ఉన్న లెక్క భయపెడితే ఇంతే గుర్తుపెట్టుకో. రెండు గోళాలు ఒకదాన్నొకటి లాగుతుంటే ఏది ఎప్పుడు ఎక్కడుంటుందో సూత్రంతో చెప్పొచ్చు. మూడోది చేరితే అన్నిటికీ పనికొచ్చే సూత్రం లేదు. మూడు సూర్యుళ్లున్న లోకంలో రేపు తెల్లారుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట పుట్టినవాళ్లకు మన ఒంటరి సూర్యుడు ఎలా కనిపిస్తాడో ఊహించుకుంటూ చదువు. మనుషులు బొమ్మల్లా ఉన్నారని నీకు అనిపించొచ్చు, నాకూ అనిపించింది. ఆ ప్రొఫెసర్ కూతురు మాత్రం అలా ఉండదు.

*

ప్రశ్న: అమ్మా, ఈ పదేళ్లలో మిమ్మల్ని అన్నిటికన్నా భయపెట్టిన నవల ఏది? మాది పత్తి వేసే కుటుంబం. రాత్రి చేలో కాపలా ఉండేటప్పుడు ఫోన్‌లో చదువుతాను. దెయ్యాలుంటే ఇంకా మంచిది.
– యువరైతు, చిలకలూరిపేట దగ్గర పల్లె

జవాబు: బాబూ, ఈ పుస్తకాన్ని చేలో కాపలా ఉన్నప్పుడు చదవొద్దు. ఇంటికి వచ్చి చదువు.

అర్జెంటీనా రచయిత్రి సమంతా శ్వెబ్లిన్ 2014లో స్పానిష్‌లో రాసింది. మేగన్ మెక్‌డోవెల్ అనువాదం 2017లో 'ఫీవర్ డ్రీమ్' పేరుతో వచ్చింది. రెండు వందల పేజీలు కూడా లేదు. అధ్యాయాలు లేవు. పల్లెటూరి ఆసుపత్రి మంచం మీద అమాండా అనే తల్లి పడి ఉంటుంది. ఆమె చెవి దగ్గర డేవిడ్ అనే పిల్లవాడు కూర్చుని ప్రశ్నలు అడుగుతుంటాడు. వాడు ఆమె కొడుకు కాదు. 'అది ముఖ్యం కాదు, తర్వాత ఏం జరిగింది' అన్న ధోరణిలో తొందరపెడుతుంటాడు. ఏదో ఒక్క క్షణం దొరకాలి వాడికి, అన్నీ తప్పిపోయిన క్షణం. ఆమెకు టైం లేదు. వాడు ఎవరో, వాడి ఒంట్లో ఉన్న ప్రాణం ఎవరిదో మనకూ తేలదు. నువ్వడిగిన దెయ్యం అక్కడుంది.

స్పానిష్‌లో ఈ పుస్తకం పేరుకు 'కాపాడగలిగే దూరం' అని అర్థం. అమాండా ఎక్కడున్నా ఒక లెక్క వేసుకుంటూ ఉంటుంది. పాప నీనా ఇప్పుడు ఎంత దూరంలో ఉంది, ఏదైనా అయితే ఎన్ని సెకన్లలో చేరుకోగలను అని. తనకూ పాపకూ మధ్య ఒక తాడు ఉన్నట్టు, అది బిగుసుకుంటూ వదులవుతూ ఉన్నట్టు అనుకుంటుంది. ఒకచోట మనుషులు లారీలోంచి ప్లాస్టిక్ పీపాలు దించుతుంటారు. తల్లీకూతుళ్లు గడ్డిలో కూర్చుని ఉంటారు. లేచేసరికి బట్టలు తడిసి ఉంటాయి. మంచు అనుకుంటుంది తల్లి.

అక్కడ నాకు ఊపిరి అందలేదు. ఎందుకో చెప్తాను.

మాదీ పత్తి ఇల్లే. 1974లో మా తమ్ముడికి నాలుగేళ్లు, నాకు పదిహేను. నాన్న చేనికి పురుగుమందు కొట్టి, ఆ మందు పంపు గట్టు మీద దించి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. వాడు ఆ పంపు పక్కన కూర్చుని గడ్డి పీకుతూ ఆడుకున్నాడు. అమ్మ పది బారల దూరంలోనే ఉంది, చూస్తూనే ఉంది. గడ్డి తడిగా ఉంటే నీళ్లు ఒలికాయనుకుంది. గంట తర్వాత వాడి నోట్లోంచి చొంగ ఆగకుండా కారడం మొదలైంది. కళ్లలో నల్లగుడ్డు ఆవగింజంత అయిపోయింది. బండి కట్టి రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సులో పట్నం ఆసుపత్రికి. విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు చేసి బతికించారు. ఆ తర్వాత రెండేళ్లు, పొలం వెళ్లినప్పుడల్లా అమ్మ పాత చీర అంచు చించి ఒక కొస వాడి మొలతాడుకీ ఇంకో కొస తన నడుముకీ కట్టుకుని కలుపు తీసేది. ఆ తాడు పొడవు నేను చూశాను. దాన్ని తలుచుకోకుండా శ్వెబ్లిన్ పుస్తకంలో ఒక్క పేజీ కూడా చదవలేకపోయాను.

ఆ నవలలో పురుగుమందు పేరు ఒక్కచోట కూడా ఉండదు. చుట్టూ సోయా చేలు, చచ్చిపోయిన గుర్రం, తేడాగా పుట్టిన పిల్లలు, అంతే. అర్జెంటీనాలో కలుపుమందును తట్టుకునే సోయా విత్తనానికి 1996లో అనుమతి ఇచ్చారు. ఆ తర్వాత పచ్చిక బయళ్లు కూడా సోయా కిందకు వెళ్లిపోయాయి. రచయిత్రి ఆ చరిత్ర చెప్పదు. చెప్తే మనం పేపర్ చదివినట్టు చదివి పక్కన పెట్టేవాళ్లం. బిడ్డ తన చేతి కిందే ఉన్నా ప్రమాదం ఒంటికి అంటుకుందని తల్లికి తెలియకపోవడం, అదొక్కటే చెప్పింది.

బాబూ, నువ్వు మందు కొట్టేటప్పుడు పిల్లలు గట్టు మీద ఉండకుండా చూడు. ఖాళీ డబ్బాలు కాలవలో కడగొద్దు. ఇది పుస్తకాల శీర్షికే అయినా ఈ మాట రాయకుండా ఉండలేను.

*

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. రాత్రిళ్లు దుప్పటి కింద హారర్ పుస్తకాలు చదువుతున్నాడు. లాక్కుంటే ఏడుస్తున్నాడు. ఏం చేయాలి పిన్నిగారూ?
– గృహిణి, కరీంనగర్

జవాబు: పుస్తకం లాక్కోవద్దమ్మా, దుప్పటి లాగెయ్యండి. హాల్లో లైటు వేసి, మీ పక్కన కూర్చోబెట్టి చదవమనండి. ఒక అధ్యాయం మీకు బయటికి చదివి వినిపించమనండి. మా లైబ్రరీకి వచ్చే పిల్లల్లో నేను గమనించింది ఏమిటంటే, భయం కథను ఎవరికైనా చెప్పగలిగిన పిల్లవాడు రాత్రి హాయిగా పడుకుంటాడు. ఎవరికీ చెప్పకుండా మింగినవాడికే నిద్ర పట్టదు. నెత్తుటి వర్ణనలే పేజీలకు పేజీలున్నవైతే అప్పుడు ఆపండి. ఎందుకు ఆపుతున్నారో కూడా వాడికి చెప్పండి. పదమూడేళ్ల పిల్లవాడికి కారణం చెప్తే అర్థమవుతుంది.

*

ప్రశ్న: 'మెక్సికన్ గోతిక్' చదివారా? మా తాతగారు కోలార్ బంగారు గనుల్లో పనిచేశారు. గని యజమానుల పాత బంగళా గురించిన హారర్ అని విని అడుగుతున్నాను.
– పాఠకుడు, కుప్పం

జవాబు: చదివాను. మీరు తప్పకుండా చదవాల్సిన పుస్తకం అది. సిల్వియా మొరేనో గార్సియా 2020లో రాసింది. 1950 ప్రాంతం. మెక్సికో నగరం నుంచి నొయెమీ అనే అమ్మాయి, పెళ్లయి వెళ్లిన తన బంధువుల పిల్ల రాసిన కంగారు ఉత్తరం చూసి, కొండ మీది బంగళాకు వెళ్తుంది. అది ఒకప్పుడు వెండి గని నడిపిన ఇంగ్లిష్ కుటుంబం ఇల్లు. పూలమొక్కల కోసం ఐరోపా నుంచి పెట్టెల్లో మట్టి తెప్పించుకున్న కుటుంబం. గనిలో చచ్చిపోయిన స్థానికులకు మాత్రం గుర్తుగా రాయి కూడా పాతలేదు. గోడల్లో బూజు ఉంటుంది. ఆ బూజు సంగతి నేను చెప్పను.

మీ తాతగారి మాట ఎత్తారు కాబట్టి ఒక సంగతి. ఆ కల్పిత ఊరికి ఆధారం మెక్సికోలోని రియల్ దెల్ మోంతే అనే నిజమైన ఊరు. 1824లో అక్కడి వెండి గనులు తీసుకున్న ఇంగ్లిష్ కంపెనీ వెనక ఉన్నది జాన్ టేలర్ అనే గనుల ఇంజినీరు. 1880 నుంచి కోలార్ గనులను నడిపిన జాన్ టేలర్ అండ్ సన్స్ ఆయన మొదలుపెట్టిన సంస్థే. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్లు అక్కడికీ వెళ్లారు, కోలార్‌కీ వచ్చారు. రెండు చోట్లా ఇంగ్లిష్‌వాళ్ల శ్మశానం ఉంది. నవల ముందు సగం నెమ్మదిగా నడుస్తుంది, ఓపిక పట్టండి. మీ తాతగారు చెప్పిన గని కబుర్లు ఏవైనా గుర్తుంటే కాగితం మీద పెట్టండి. మన భాషలో ఆ హారర్ ఇంకా ఎవరో రాయాలి, ఆ బంగళాలు తెలిసినవాళ్లే రాయాలి.

*

ప్రశ్న: నేను ప్రభుత్వ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ'లో హీరో కూడా సైన్స్ టీచరే అని విన్నాను. తొమ్మిదో తరగతి పిల్లలకు అందులోంచి ఏమైనా చెప్పొచ్చా?
– ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మాస్టారూ, మొదటి అధ్యాయాల నుంచే ఒక క్లాసు తీయొచ్చు. ఆండీ వియర్ 2021లో రాసిన ఈ నవలలో రైలాండ్ గ్రేస్ అనే మనిషి మెలకువ వచ్చేసరికి తన పేరు కూడా గుర్తులేని స్థితిలో ఉంటాడు. చుట్టూ ఒక ల్యాబ్. వస్తువులు కిందకు పడుతున్న వేగం ఏదో తేడాగా ఉంది. పడేసి టైం చూస్తాడు, లోలకం కట్టి ఊపుతాడు. గురుత్వం 15 దగ్గర వస్తుంది. మనకు ఉండాల్సింది 9.8. తను భూమి మీద లేడని అతనికి తెలిసేది అలా, ఒక దారంతో.

మీ పిల్లల చేత ఒక మీటరు దారానికి రాయి కట్టించండి. రాయి వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు. పది ఊపులకు ఇరవై సెకన్లు పడుతుంది. గ్రేస్ ఉన్నచోట అదే దారానికి పది ఊపులు పదహారు సెకన్లలో అయిపోతాయి. ఆ నాలుగు సెకన్ల తేడాను పిల్లలు చప్పట్లు కొట్టి చూస్తే ఇంక మర్చిపోరు. తర్వాత కథలో అతనికి వేరే లోకపు ఇంజినీరు ఒకరు కలుస్తారు. మాటలు స్వరాల్లో ఉంటాయి, లెక్కలు మనలా పది అంకెలతో కాకుండా సున్నా నుంచి అయిదు దాకా ఆరు అంకెలతోనే ఉంటాయి. ఆరు అంకెలతో ఎక్కాలు రాయమంటే పిల్లలు సరదాగా రాస్తారు.

భూమి మీద జరిగే భాగాల్లో మనుషులు నాకు అంతగా ఆనలేదు. ఆ ఇద్దరి స్నేహం మాత్రం, ఒకరి గాలి ఒకరికి విషమైన ఇద్దరు అద్దం గోడకు ఇవతలా అవతలా కూర్చుని పనిచేసుకోవడం, నన్ను రెండుసార్లు ఏడిపించింది.

*

ప్రశ్న: 2024లో బుకర్ వచ్చిన 'ఆర్బిటల్' సైన్స్ ఫిక్షనేనా? అందులో ఏమీ జరగదు అంటున్నారు.
– పాఠకురాలు, అవనిగడ్డ

జవాబు: కథగా ఏమీ జరగదు, నిజమే. సమంతా హార్వీ ఆరుగురు వ్యోమగాములను ఒక్క రోజు చూపిస్తుంది. ఆ రోజులో వాళ్లు భూమిని పదహారుసార్లు చుట్టివస్తారు. కానీ మీ ఊరివాళ్లు చదవాలి. కింద ఒక పెనుతుఫాను ఫిలిప్పీన్స్ వైపు కదులుతుంటుంది. పై నుంచి అది తెల్లగా, గుండ్రంగా, అందంగా ఉంటుంది. వాళ్లలో ఒకతనికి ఆ తీరంలో ఒక జాలరి కుటుంబం తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ మీదకు ఉప్పెన వచ్చినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. తర్వాత బట్టలు పంచడానికి కాలేజీ నుంచి వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పేజీలు చదివేటప్పుడు ఆ తెల్లటి గుండ్రం కింద ఏముందో నాకు తెలుసు.

*

ప్రశ్న: తెలుగులో 'తులసిదళం' తర్వాత అంత భయపెట్టే నవల ఎందుకు రాలేదు? ఇంగ్లిష్‌వే ఎందుకు చదవాలి?
– రిటైర్డ్ ఉద్యోగి, వరంగల్

జవాబు: ఎనభైల్లో యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' మా లైబ్రరీలో రెండు ప్రతులుండేవి. రెండూ బీరువాలోకి చేరిన రోజు లేదు. చిన్నపాప మీద చేతబడి, కాష్మోరా అనే క్షుద్రశక్తి, ఇళ్లలో ఆ మాట ఎత్తడానికి కూడా ఆడవాళ్లు జంకేవారు. ఒకావిడ పుస్తకాన్ని ఇంట్లో ఉంచుకోలేక సాయంత్రం నాకిచ్చి, పొద్దున్నే వచ్చి మళ్లీ పట్టుకెళ్లేది. రాత్రి అది నా బల్ల సొరుగులో ఉండాలి. అలా వారం రోజులు చదివింది.

రాయగలిగినవాళ్లు లేక కాదండీ. అప్పుడు వారపత్రికలు ఉండేవి. ఈ వారం కాకపోతే వచ్చే వారం ఏమవుతుందో అని ఊరంతా కలిసి భయపడేది. ఆ వారం రోజుల ఎదురుచూపు రచయితకు సగం పని చేసిపెట్టేది. ఇప్పుడు రాసేవాళ్లు ఒంటరిగా రాస్తున్నారు, చదివేవాళ్లు ఒంటరిగా చదువుతున్నారు. ఇంకొకటి కూడా ఉంది. ఆ పుస్తకం బాగా అమ్ముడయ్యాక అందరూ మంత్రగాళ్ల వెంటే పడ్డారు. చేతబడి పేరుతో పల్లెల్లో నిజంగా మనుషులను కొట్టి చంపుతున్న దేశం ఇది. ఇప్పుడు ఎవరైనా రాస్తే అలా దెబ్బలు తిన్నవాళ్ల వైపు నుంచి రాయాలని నా కోరిక. చెట్టుకు కట్టేసిన ముసలామె ఇంట్లో ఆ ముందురోజు రాత్రి ఏం జరిగిందో రాయాలి.

ఇంగ్లిష్‌వే చదవమని నేను అనను. 'ఫీవర్ డ్రీమ్' తెలుగులోకి ఎవరైనా తెస్తే నా ఇంగ్లిష్ ప్రతిని పక్కన పెట్టేస్తాను.

*

ప్రశ్న: నేను సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. మీరు చెప్పారని 'ది మినిస్ట్రీ ఫర్ ది ఫ్యూచర్' మొదటి అధ్యాయం చదివాను. మే నెలలో, నైట్ డ్యూటీలో. కరెంటు పోయి ఊరంతా చచ్చిపోవడం నిజంగా జరుగుతుందా మేడం? ఆ తర్వాత నుంచి ఫీడర్ (ఊళ్లకు కరెంటు వెళ్లే లైను) ట్రిప్ అయి ఆగిపోయిన ప్రతిసారీ గుండె దడదడలాడుతోంది.
– మాచర్ల

జవాబు: మీ ఉత్తరం చదివి నేను చాలాసేపు కూర్చున్నాను. ఆ అధ్యాయాన్ని మీరు చదివినట్టు ఇంకెవరూ చదివి ఉండరు.

చదవనివాళ్ల కోసం చెప్తాను. కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 2020లో రాసిన నవల ఇది. ఉత్తరప్రదేశ్‌లో ఒక ఊరు. ఎండ, దానికి తోడు గాలిలో తేమ. కరెంటు పోతుంది. సహాయ కేంద్రంలో ఫ్రాంక్ అనే విదేశీయుడు ఉంటాడు. అక్కడున్న జనరేటర్‌నీ ఏసీనీ కొందరు కుర్రాళ్లు తుపాకీ చూపించి పట్టుకుపోతారు. జనం చెరువులోకి దిగుతారు. చెరువు నీళ్లు ఒంటికన్నా వేడిగా ఉంటాయి. తెల్లారేసరికి ఏమవుతుందో మీకు తెలుసు. దెయ్యం లేదు, హంతకుడు లేడు. నేను చదివిన అన్ని హారర్ నవలల్లోనూ ఇంత భయపెట్టిన అధ్యాయం ఇంకోటి లేదు. ఆ తర్వాత పుస్తకం జూరిక్‌కు వెళ్లిపోతుంది. సమావేశాలు, బ్యాంకులు, కార్బన్ లెక్కలు. కొన్ని చోట్ల నాకు విసుగు వచ్చింది, దాచను. కానీ ఆ మొదటి అధ్యాయం వల్లే ఆ లెక్కలన్నీ ఓపికగా చదివాను.

జరుగుతుందా అన్నారు. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? మట్టి రంధ్రాల్లోంచి తేమ బయటికి వచ్చి ఆవిరవుతుంది కాబట్టి. మన ఒళ్లూ కుండే. చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు. థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలేచోట పెడితే అది చూపించే అంకే అసలు లెక్క. అది 35 దాటితే నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడికి కూడా కొన్ని గంటలే. అది పై హద్దు మాత్రమే. యువకుల మీద జరిపిన పరీక్షల్లో అంతకన్నా తక్కువకే శరీరం తట్టుకోలేకపోతోందని తేలింది. పెద్దవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. 2015 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బతో పోయారు. ఎక్కువమంది ముసలివాళ్లు, కూలి పనివాళ్లు.

మన పల్నాడులో రెంటచింతల ఎండలకు పేరుపడ్డ ఊరు. ఆ నవల చదివాక నేను రెండు థర్మామీటర్లు కొన్నాను. ఒకదానికి పాత పంచె ముక్క చుట్టి, కొస నీళ్ల గ్లాసులో వేసి వరండాలో వేలాడదీశాను. మే నెల ఒక మధ్యాహ్నం పొడి థర్మామీటర్ 44 చూపించింది, తడిది 27. మనది పొడి వేడి, చెమట ఆరుతుంది. అదే నెలలో బాపట్లలో మా చెల్లెలి ఇంట్లో పెట్టాను. పొడిది 38, తడిది 31. ఎండ తక్కువ, ముప్పు ఎక్కువ. మా చెల్లెలు 'మీ ఊరికన్నా నయం కదే అక్కా' అంటూనే చెమట తుడుచుకుంటోంది.

మీ దడను నేను తీసేయలేను. మీ ఫీడర్ కింద ఎవరున్నారో తెలిసిన మనిషి ఆ గదిలో ఉన్నాడని మాత్రం నాకు ధైర్యంగా ఉంది. కరెంటు ఎక్కువసేపు రాదని తెలిసినప్పుడు ఎవరికి ముందు ఫోన్ చేయాలో ఒక కాగితం రాసి గోడకు అంటించుకోండి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, బాలింతలున్న ఇళ్లు, ఒంటరి ముసలివాళ్లు. లైన్‌మెన్‌కు ఆ ఇళ్లు తెలిసే ఉంటాయి.

సముద్రం పక్క ఊళ్లలో ఉన్న పాఠకులు, కాకినాడ, మచిలీపట్నం, చీరాల, భీమిలి వాళ్లు, ఈ రెండు థర్మామీటర్ల పని చేసి చూడండి. నీడలో, మధ్యాహ్నం రెండింటికి. పొడి అంకె, తడి అంకె, తేదీ, ఊరు ఒక కార్డు మీద రాసి పత్రిక చిరునామాకు పంపండి. వచ్చినవన్నీ ఇదే పేజీలో వేస్తాను.